పీపా కట్టే శనివారం

బిర్చ్ హార్బర్,
మే 27, బుధవారం.

ప్రియమైన వెర్నాకు,

రీనో రాస్తున్నాను. డులుత్‌లో నువ్వూ, మీ అమ్మగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నాలుగేళ్లు మాటలు మానేసి ఇప్పుడు కుశలం అడగడానికి మొహం చెల్లడం లేదు. అయినా అడుగుతున్నాను.

ఇక్కడ ఒడ్డున మంచు కరిగింది. సరస్సు అడుగున మాత్రం ఇంకా నాలుగు డిగ్రీలే. ఈ శనివారం హెలెన్ మార్ ఓడ దగ్గర, నీటి మీద తేలే పీపా కట్టి తీరాలి. జూన్ వచ్చిందంటే మునిగిన ఓడను చూడ్డానికి ఊరూరి పడవలూ ఎగబడతాయి. తాడు తగిలించుకోవడానికి పీపా లేకపోతే ఏం చేస్తారో నీకు తెలియంది కాదు. ఆ ఏడాది గొలుసు కొక్కెం ఊడి పీపా కొట్టుకుపోతే, ఎవడో లంగరు తిన్నగా డెక్కు మీదే విసిరాడు. నూట ముప్పై ఏళ్లు చెక్కుచెదరని కెప్టెన్ గది కూలిపోయింది. కొక్కెం బిగించింది నువ్వని మన డైవర్ల సంఘంలో అందరూ నిన్నే వేలెత్తి చూపారు. "నేనే సరిగ్గా బిగించలేదేమో" అని ఒక్క మాట అని, డైవింగ్ సూట్ మడతపెట్టుకుని వెళ్లిపోయావు.

మొన్న ఆదివారం నేనూ టోయివో దిగాం. గొలుసు సగం ఎత్తేసరికే వేళ్లు కొయ్యబారిపోయి పైకొచ్చేశాం. పడవ నడిపే ఎల్మా ఊరుకుంటుందా? "మీ ఇద్దరి మోకాళ్లూ కలిపినా ఒక మంచి మోకాలు కాదు. పోయి ఆవిరిగదిలో కూర్చోండి" అంది. మేం తగ్గలేదు. మాంసం కూరిన పాస్టీ తలొకటి తిని మళ్లీ దిగి, గొలుసును అడుగునున్న సిమెంటు దిమ్మ దాకా చేర్చాం. ఇక కొక్కెం బిగించడం ఒక్కటే మిగిలింది. ఆ పని నీ అంత బాగా చేసేవాళ్లు మాలో లేరు.

శనివారం ఉదయం ఆరింటికి పడవ కదులుతుంది. నువ్వు రావాలి.

ఉంటాను,
నీ పాత జోడీ,
రీనో

తా.క.: ఇంతసేపూ చుట్టూ తిరిగాను. అసలు మాట ఇది. నువ్వు కొక్కెం మర బాగానే బిగించావు. అది ఊడకుండా తీగ చుట్టాల్సింది నేను. చలికి చేతులాడక చుట్టలేదు. అయిందా అని నువ్వు సైగ చేస్తే అయిందన్నాను. పైకొచ్చాక చూసుకుంటే తీగ నా జేబులోనే ఉంది. అందరూ నిన్ను అంటున్నా నోరు విప్పలేదు. సిగ్గుపడుతున్నాను, వెర్నా.

నిన్న సమావేశంలో అందరి ముందూ చెప్పేశాను. టోయివో నాతో మాట్లాడటం లేదు. ఎల్మా, "ఇక నువ్వు నీళ్లలోకి దిగేది లేదు, పడవలో కూర్చుని తాళ్లు పట్టుకో" అంది. అందుకని టోయివోకి జోడీ లేదు, ఒక్కణ్ణే దిగనివ్వరు. నా మొహం చూడటం ఇష్టం లేకపోతే చెప్పు, ఒడ్డునే ఉండిపోతాను. మర నువ్వే బిగించు. తీగ కూడా నువ్వే చుట్టు.