మిరియం గోరు కత్తిరించిన చేతికి

వీధిలో చిన్నా పెద్దా అందరూ సోఫా తాత అని పిలిచే నేను, వయసు డెబ్బై నాలుగు, వృత్తి సోఫాలూ కుర్చీలూ బాగుచేయడం, ఈ రోజున మా దుకాణంలో, నేనే స్ప్రింగులు బిగించిన కుర్చీలో కూర్చుని, నా కొడుకూ కూతురూ కోడలూ చదువుకోవడానికీ, దీన్ని అమలు జరిపేవారు అమలు జరపడానికీ, నా స్వహస్తాలతో రాస్తున్న వీలునామా ఏమనగా:

నా బుద్ధి స్థిరంగానే ఉంది. ఆసుపత్రిలో గుండెకు చిన్న మరమ్మతు చేశారు గానీ తల జోలికి ఎవరూ పోలేదు. నా మీద ఎవరి బలవంతమూ లేదు, ప్రోద్బలమూ లేదు. ఉన్నదల్లా ఆనందం. పట్టలేనంత ఆనందంలో రాస్తే వీలునామా చెల్లకుండా పోతుందా అని కాగితాలు రాసే ఆయన్ని అడిగాను. "అలాంటిది ఇంతవరకూ ఎవరూ అడగలేదు తాతా, రాసేయ్" అన్నాడు. రాసేస్తున్నాను. నేను చదివింది ఏడో తరగతి. తప్పులుంటే మా అమ్మాయి దిద్దుతుంది. అది బడిలో పంతులమ్మ, దిద్దకపోతే దానికి అన్నం సహించదు.

ఇంతకు ముందు నేను రాసిన వీలునామా ఇందుమూలంగా రద్దు. దాన్ని సగం నేను చింపాను, మిగతా సగం మిరియం చింపింది.

మిరియం అంటే మా కుక్క. నల్లటి పొట్టి టెర్రియర్, ఆడది. బూట్ల డబ్బాలో పడుకోగలదు, లారీని ఎదిరించగలదు. తను చిన్నదన్న సంగతి దానికి ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు, చెప్పినా నమ్మదు.

1. మా దుకాణమూ, అందులోని కుట్టుమిషన్లూ (మూడో అంశంలో చెప్పబోయేది తప్ప), స్ప్రింగులు, స్పాంజి దిమ్మలు, రెక్సిన్ చుట్టలు, సుత్తులు, వంపు సూదులు, ఇవన్నీ నా స్వార్జితం. నా తదనంతరం వీటిని నా కొడుకూ కోడలూ సమాన హక్కులతో అనుభవించవలసినది. కోడలి పేరు ఎందుకు కలిపావని ఎవరైనా అడిగితే వాళ్లు ఎనిమిదో అంశం చదువుకోవలసినది.

దీనికొక షరతు ఉంది. ఏ పాత సోఫా వచ్చినా టెర్రియర్ చూడనిదే దాని గుడ్డ విప్పకూడదు. ఏళ్ల తరబడి మూలన పడి ఉన్న సోఫాల్లో ఎలుకలు కాపురాలు పెడతాయి. కుర్రతనంలో నేను తెలియక చెయ్యి పెట్టి వేలు కొరికించుకున్నాను. ఆ తరవాతే మా మొదటి టెర్రియర్, మేకు, ఇంటికి వచ్చింది. సోఫా చుట్టూ తిరిగి తోక నిలబెట్టిందంటే లోపల ఎవరో ఉన్నట్టు. కూర్చుని ఆవలించిందంటే సోఫా పాసయినట్టు. మేకు తరవాత ఇంకో రెండు వచ్చి వెళ్లాయి, ఇప్పుడు మిరియం. "తాతా, మీ ఇన్‌స్పెక్టరమ్మ చూసిందా?" అని కస్టమర్లే అడుగుతారు. ఈ మర్యాద తప్పకూడదు.

2. దుకాణం వెనక మనం ఉంటున్న ఇల్లు కొడుక్కీ కూతురికీ చెరిసగం. నడవా మాత్రం ఎవరి వాటా కిందా రాదు. అక్కడ నుంచి కుక్క వీధిని చూస్తుంది.

3. మీ అమ్మ తొక్కిన కుట్టుమిషను నా కూతురికి. దాంతో పాటు నీలం కుషను కూడా. దాని మూల కొరికి ఉంటుంది. అమ్మాయికి పాలపళ్లు ఊడే వయసులో మేకుకీ పళ్లు మారుతున్నాయి, ఇద్దరూ ఆ కుషనుకి చెరో వైపు పట్టుకుని లాగేవారు. ఏ పంటిగాటు ఎవరిదో మీ అమ్మకే తెలుసు. ఆ కుషనుకి కొత్త గుడ్డ వేయించవద్దని నా మనవి.

4. నా బావమరిదికి, నా పెద్ద కత్తెర. "రేపిస్తాను బావా" అని పట్టుకుపోయాడు. అప్పటికి వాడికి మీసాలు నల్లగా ఉన్నాయి. ఎలాగూ వాడి దగ్గరే ఉంది కాబట్టి దాన్ని సర్వహక్కులతో వాడికే దఖలు పరుస్తున్నాను. ఇకనైనా నన్ను చూసి వీధి మలుపు తిరిగిపోనక్కర లేదు.

5. మా నెత్తిన, అంటే పై అంతస్తులో, ఉండే లెక్కల మాస్టారికి, ఆయన చేతికర్ర అడుగున తొడుక్కోవడానికి తోలు తొడుగు. నేనే కుట్టాను. మిరియం అరిస్తే ఆయన పై నుంచి కర్రతో నేల మీద పొడిచేవాడు. ఎవరో తలుపు కొడుతున్నారనుకుని అది మళ్లీ అరిచేది. ఆయన మళ్లీ పొడిచేవాడు. ఇద్దరిలో ఎవరూ తగ్గే రకం కాదు. మెట్ల దగ్గర ఎదురైతే నాతో మాట్లాడేవాడు కాదు, నేనూ పలకరించేవాణ్ణి కాదు. అలాంటి మనిషి, నేను ఆసుపత్రిలో ఉండగా, తనంతట తాను కిందికి దిగి వచ్చి మా కోడల్ని అడిగాడట: "ఏమ్మా, మీ కుక్కకి ఏమైంది? అరుపు లేదు. నాకు నిద్ర పట్టడం లేదు." ఆ ఒక్క మాట లేకపోతే ఈ వీలునామా లేదు. మాస్టారూ, తోలు మెత్తటిది, జారదు.

6. సెలూను పెట్టుకున్న నా స్నేహితుడికి ఏమీ ఇవ్వడం లేదు. వాడు సాక్షి సంతకం చేస్తున్నాడు, సాక్షికి ఏమీ రాయకూడదట. అందుకని వచ్చే వారమే వెళ్లి వాడి కుర్చీకి కొత్త రెక్సిన్ వేసి వస్తాను. చచ్చాక ఇవ్వకూడదన్నారు గానీ బతికుండగా ఇవ్వకూడదని ఎవరూ అనలేదు.

పాత వీలునామాలో మిరియాన్ని రాసింది వీడికే. అమ్మాయి ఉండే అపార్ట్‌మెంటులో కుక్కల్ని ఉండనివ్వరు. కొడుకు పొద్దున్న వెళితే ఇళ్లల్లో సోఫాలు బిగించి సాయంత్రానికి గానీ రాడు. కోడలి సంగతి చెబుతాను. వీడొక్కడే మిగిలాడు. నేను ఆసుపత్రికి వెళ్లేటప్పుడు అలవాటు కోసమని తీసుకెళ్లాడు. మర్నాడే వేలికి కట్టుతో నన్ను చూడవచ్చి, "ఒరేయ్, నీ కోసం ప్రాణమైనా ఇస్తాను గానీ దాన్ని మాత్రం నా వల్ల కాదురా" అన్నాడు. అది అప్పటికే వాడి కాళ్ల సందులోంచి దూరి, బజారంతా దాటి, మా దుకాణంలో విప్పి పెట్టిన సోఫా లోపలికి దూరి పడుకుందట. నా గుండె ఎంత కొట్టుకుంటోందో మిషన్లో చూపించారు. అది ఎందుకు కొట్టుకుంటోందో మిషనుకేం తెలుసు? నా తరవాత దీన్ని ఎవరు చేరదీస్తారు? మంచం మీద పడుకుని నేను ఆలోచించింది ఇదొక్కటే.

7. టెర్రియర్‌తో కాపురం చేయబోయే వారికి నా అనుభవం కూడా ఆస్తి కిందే రాస్తున్నాను. దాన్ని శాసించకండి. మనకు కావలసిన పని దానికే తోచినట్టు నడిపించండి. దానికి రోజూ ఏదో ఒక పని చెప్పాలి. చెప్పకపోతే అదే వెతుక్కుంటుంది, ఆ పని సాధారణంగా మీ చెప్పు అయి ఉంటుంది. ఏదైనా నోట కరిచినప్పుడు లాగకండి, లాగితే ఆట అనుకుని సాయంత్రం దాకా వదలదు. ఇంకోటి చూపించండి, అదే వదులుతుంది. తవ్వుకోవడానికి పెరట్లో ఒక మూల వదిలేయండి, లేకపోతే మొత్తం పెరడు తవ్వుతుంది. దాన్ని ఎత్తుకుని చంటిపిల్లతో మాట్లాడినట్టు మాట్లాడేవాళ్లంటే దానికి చులకన. కోపం వస్తే వచ్చిందని చెప్పే మనిషిని గౌరవిస్తుంది. కాళ్ల దగ్గర గిరగిరా తిరిగే చిన్న జీవి ఏదైనా దాని కంటికి ఎలుకే. ఇది దాని తప్పూ కాదు, దాన్ని నమ్మి గడియ వేయకుండా ఉండడమూ తగదు.

8. ఇక అసలు సంగతి.

మా కోడలు పుట్టింటి నుంచి ఒక తెల్ల కుందేలును తెచ్చుకుంది. సాయంత్రాలు ఒళ్లో పెట్టుకుని దాని చెవులు నిమురుతూ కూర్చునేది. ఒక రోజు గాలికి పెరటి తలుపు గడియ జారింది. మిరియం, ఎలుకల విషయంలో మేమంతా ఏ పనికి మెచ్చుకుంటామో ఆ పనే చేసింది. మా కోడలు అరవలేదు. కుందేలు బుట్ట కడిగి అటక మీద పెట్టి, "దాన్ని నేనేమీ అనను మావయ్యా. కుక్క కుక్క పని చేసింది. కానీ దాన్ని నా చేత్తో ముట్టుకోను" అంది. అన్న మాట తప్పలేదు. రోజూ గిన్నె పెట్టేది, పెట్టి రెండడుగులు వెనక్కి వేసేది. నాలుగేళ్లు అలాగే గడిచాయి. నేను ఏనాడూ "ముట్టుకో తల్లీ" అనలేదు. అనే హక్కు నాకు లేదు.

మా కోడలు పని చేసేది బ్యూటీ పార్లర్లో. ఊళ్లో సగం మంది ఆడవాళ్ల గోళ్లు దాని చేతిలో మెరుస్తాయి. మా ఇంట్లో మాత్రం గోళ్లు కత్తిరించే దిక్కు లేని ప్రాణి ఒకటి తిరుగుతూ ఉండేది. మిరియం మీ అమ్మకు తప్ప ఎవరికీ కాలు అందించలేదు. మీ అమ్మ పోయాక నేను ఒక ఉపాయం చేశాను. పొడుగాటి చెక్క మీద గరుకుకాగితం అంటించి గోడకు ఆనించాను. అది దాని మీద ఎలుకను గీరినట్టు గీరేది, గోళ్లు అవే అరిగేవి. నా తెలివికి నేనే మురిసిపోయి కనబడ్డవాడికల్లా చూపించాను. తీరా చూస్తే, దాని ఒక్కో ముందుకాలికి లోపలి వైపు కాస్త ఎత్తున బొటనవేలు లాంటి గోరు ఒకటుంది. అది నేలకూ తగలదు, చెక్కకూ తగలదు. బొచ్చు చాటున పెరిగి పెరిగి, గుండ్రంగా తిరిగి, దాని మాంసంలోకే దిగిందట. మా చెక్కను మెచ్చుకున్న వాళ్లలో ఒక్కరికీ ఈ గోరు గుర్తు రాలేదు.

మాస్టారు వచ్చి అడిగాక మా కోడలు విప్పిన సోఫాలోకి వంగి చూసింది. లోపల గోనెపట్టా మీద నెత్తురు మరకలు కనిపించాయి. ఇదంతా తరవాత తెలిసింది. నేను చూసింది మాత్రం ఇది.

ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు కొడుకు కారుకి డబ్బులిస్తుంటే నేను ముందుగా దుకాణంలోకి వచ్చాను. సోఫా వెనక నుంచి కోడలి గొంతు వినిపించింది. "కదిలావంటే చూడు. నీ మీద నా కోపం పోలేదు, అది వేరే లెక్క. ఆ కాలి గోరు తీశాం, ఇక ఈ కాలిది. ఇటివ్వు. ఏంటా గుర్రు? పార్లర్లో ఇంతకంటే మొండివాళ్లను చూశాను. అయిపోయింది, అయిపోయింది, మా అమ్మే, ఇదిగో ఊడింది." తొంగి చూశాను. మా మిరియం, నా స్నేహితుడి వేలు కొరికిన మిరియం, కోడలి ఒళ్లో వెల్లకిలా పడుకుని, నాలుగు కాళ్లూ గాల్లో పెట్టి, గొణుగుతూ, కళ్లు మూసుకుంటోంది. ఒక కాలికి మందు రాసి కట్టు కట్టి ఉంది. నేను మందుల సంచీతో అలాగే వెనక్కి నడిచి సెలూనుకి వెళ్లి, స్నేహితుడి కుర్చీలో కూర్చుని ఏడ్చాను. గడ్డం గీస్తూ తెగిందేమోనని వాడు హడలిపోయాడు. వాడింకా కత్తి కూడా తీయలేదు.

ఆ సాయంత్రం ఉండబట్టలేక అడిగాను. తల్లీ, నా తరవాత దీన్ని నీ పేర రాయమంటావా అని. మా కోడలు కడుగుతున్న పళ్లెం బోర్లించింది. తరవాత అంది: "మీరు పోయాక కాదు మావయ్యా, ఇప్పుడే ఇచ్చేయండి. మీరు లేరన్న దిగులొకటి, నేనెవరో తెలియని దిగులొకటి, రెండూ ఒక్కసారి దాని నెత్తిన ఎందుకు వేయడం? మీరుండగానే అలవాటు పడనివ్వండి."

ఇంతకంటే తెలివైన మాట చెప్పగల వకీలు ఎవరైనా ఉంటే నాకు చూపించండి.

కాబట్టి మిరియం అనే చరాస్తి (దానంత చరించే ఆస్తి నేనింకోటి ఎరగను) ఆనాటి నుంచే నా కోడలికి సంపూర్ణ హక్కులతో సంక్రమించినది. ఇప్పుడది కోడలి మంచం పక్కన పడుకుంటోంది. నేను పిలిస్తే ముందు కోడలి మొహం చూసి, అప్పుడు వస్తోంది. కాస్త కడుపు మండింది, దాచడమెందుకు. ఆ మంట మీదే రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను. ఆదివారాలు గోళ్ల కార్యక్రమం జరుగుతుంది. కోడలు కత్తిరిస్తుంది, నేను కాలు పట్టుకునే ఉద్యోగంలో చేరాను. ఈ అంశం కింద నా తదనంతరం ఎవరికైనా ఇవ్వడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. ఏమీ మిగలనందుకు ఇంత సంబరపడినవాణ్ణి నేనే అయి ఉంటాను.

9. బదులుగా కోడలు నన్ను ఒకటే కోరింది. పై అంతస్తు వసారాలో, మాస్టారి అనుమతితో, ఎత్తు కాళ్ల మీద ఒక చెక్క గూడు, దానికి రెండు గడియలు. ఎందుకని నేను అడగలేదు. అటక మీది బుట్ట కిందికి దిగి ఎండలో ఆరుతోంది. మాస్టారు టేపు పట్టుకుంటే నేను కొలతలు తీసుకున్నాను, ఆయన రెండుసార్లు సరిచేశాడు. మిరియం మెట్ల కింద కూర్చుని మమ్మల్ని చూసి అరిచింది. మాస్టారు కర్ర ఎత్తలేదు.

ఈ వీలునామా నా తదనంతరమే అమల్లోకి రావలసినది. గూడు పూర్తయ్యేదాకా నాకు తీరిక లేదు. ఆ తరవాత కూడా ఆదివారాలు కుదరదు.

తేదీ: మార్చి 9, ఆదివారం.

(సంతకం) సోఫా తాత

సాక్షులు:
1. సెలూను స్నేహితుడు (వేలి కట్టు విప్పి సంతకం చేశాను)
2. మిరియం కాలి కట్టు మార్చడానికి వచ్చిన పశువుల డాక్టరు