చేతిలో పెట్టాల్సిన కార్డు

ఫిబ్రవరి 3, సోమవారం

పదకొండు వారాలు పట్టింది. ఇవాళ చిలక నా చేతిలో కార్డు పెట్టింది.

చిలక అనేది వాళ్ల అమ్మమ్మ పెట్టుకున్న ముద్దుపేరు. నాలుగేళ్లు నిండినా నోట ఒక్క మాట లేని పిల్లను చిలకా అని పిలవడమేమిటని మొదట్లో నాకు ఒళ్లు మండేది. మాటలొచ్చాక మళ్లీ పేరు వెతుక్కోవాలా ఏంటి, ముందే పెట్టేశా అంది ఆవిడ.

మా ప్రీస్కూల్ క్లాసులో పద్దెనిమిది మంది. అందరినీ పెద్దటీచర్ చూస్తుంది. నేను ఒక్క చిలక కోసం వచ్చిన స్పెషల్ టీచర్‌ని. దాని నడుము పట్టీకి బొమ్మల కార్డులు అంటించి ఉంటాయి. నీళ్లు, బాత్రూమ్, చాలు. కొత్తదాని మీద రెండు చేతుల బొమ్మ. సాయం అని అర్థం. నియమం ఒక్కటే: కార్డు పీకి, తెచ్చి, మనిషి చేతిలో పెట్టాలి. అంతవరకూ పిల్ల ఎంత గింజుకున్నా మేం ఎరగనట్టే ఉండాలి. అడగనిదే అమ్మైనా పెట్టదు అంటారే, మా ట్రైనింగ్ మొత్తం అదే.

ఇవాళ డబ్బా మూత రాలేదు. రెండు చేతుల కార్డు తెచ్చి నా అరచేతిలో పెట్టి, పైనుంచి గట్టిగా నొక్కింది. మూత తీసిచ్చి, బాత్రూమ్‌లోకి పోయి ఏడ్చి వచ్చాను.

ఫిబ్రవరి 6, గురువారం

ఇవాళ ఇరవైసార్లు సాయం. ఆఖరికి ముక్కు తుడవడానికి కూడా. మహారాణి!

ఫిబ్రవరి 19, బుధవారం

మమ్మల్ని స్కూళ్లకు పంపే ఆఫీసు నుంచి రివ్యూ ఫారమ్ వచ్చింది. పన్నెండు పనులు, ఒక్కోదానికి రెండు గడులు. తనంతట తాను, లేదా సాయంతో. చిలకను ఇక్కడే ఉంచాలా, ఊరవతల స్పెషల్ సెంటర్‌కు పంపాలా అన్నది దీన్నిబట్టే తేలుస్తారు. ఆ సెంటర్‌కు రెండు బస్సులు మారాలి. అమ్మమ్మకు మెట్లెక్కడమే గండం. అక్కడ మాట వచ్చిన పిల్లలు ఎవరూ ఉండరు, ఇది ఎవరిని చూసి నేర్చుకుంటుంది?

పది పనులకు 'తనంతట తాను' అని టిక్ పెట్టాను. ప్యాంటు గుండీ విప్పడం కూడా అందులో ఉంది. మొన్న శుక్రవారం విప్పింది మరి. గుండీని కాజాలోంచి సగం నేను తోశాను, మిగతా సగం తను లాగింది. నా సగానికి ఫారమ్‌లో గడి లేదు. కాకిపిల్ల కాకికి ముద్దు.

ఫిబ్రవరి 20, గురువారం, ఉదయం 7

పంపేశాను. అబద్ధమేమీ కాదు. సగం నిజం.

మార్చి 4, మంగళవారం

చిలక ఇక్కడే ఉంటుంది! క్లాసులోనే గంతులేశాను. పెద్దటీచర్ నవ్వలేదు. రెండో పేజీ కూడా చదువమ్మా అంది.

పిల్ల పనులన్నీ తనంతట తానే చేసుకుంటోంది కాబట్టి స్పెషల్ టీచర్ అక్కర్లేదట. పదిహేడో తేదీ నుంచి నాకు వేరే స్కూలు.

ఆఫీసుకు ఫోన్ చేశాను. గుండీ తనకు రాదండీ, నేనే పొరపాటున రాశాను అన్నాను. సంతకం మీదే కదమ్మా, అప్పుడు అబద్ధం రాశారా, ఇప్పుడు చెబుతున్నారా అన్నాడు గుమాస్తా. మళ్లీ రివ్యూ ఆరు నెలల తర్వాతేనట.

ఎవరి మీద కోపం చూపించను? నా గొయ్యి నేనే తవ్వుకున్నాను. అందులో పడేది మాత్రం చిలక.

మార్చి 10, సోమవారం

అమ్మమ్మకు చెప్పాను. టీచరక్కర్లేదన్నారంటే నయమైపోతున్నట్టేగా అని నా చేతులు కళ్లకద్దుకుంది. ఎలాస్టిక్ ప్యాంట్లే వేసి పంపండి అన్నాను. అయ్యో, గుండీ వచ్చేసిందని మీరు రాశారని తెలిసి, కొత్తగా గుండీల ప్యాంట్లు మూడు కొన్నానే అంది. ఎలాస్టిక్‌వి వేస్తే గుండీ విప్పడం మర్చిపోదూ, కొత్తవే వేస్తా అంది.

పెద్దటీచర్‌కు కార్డుల పని నేర్పుతున్నాను. చెయ్యి చాపి ఉంచండి, అందులో పెడుతుంది అన్నాను. పద్దెనిమిది మందితో ఖాళీగా ఉన్న చెయ్యి ఎక్కడుంది తల్లీ నాకు అంది. మంచి మనిషి. ఉన్నమాటే అంది.

మార్చి 14, శుక్రవారం, సాయంత్రం 6

ఆఖరి రోజు. రెండు చేతులా అట్టపెట్టెలతో అల్మారాకీ తలుపుకీ మధ్య తిరుగుతూనే ఉన్నాను. చిలక నా వెనకే. నా ఏప్రన్ పట్టుకుని లాగింది, ఒళ్లంతా ఆనించి నిలబడింది. నన్ను సాగనంపుతోందనుకుని పొంగిపోయాను. చూస్తే ఏడుస్తానని దాని ముఖం వైపే చూడలేదు. టాటా కూడా చెప్పకుండా వచ్చేశాను.

ఇప్పుడే పెద్దటీచర్ ఫోన్. నేను గేటు దాటిన కాసేపటికి బట్టలు తడుపుకుందట. బాత్రూమ్ గుమ్మంలో గుండీని రెండు చేతులా పట్టుకుని నిలబడిందట. సాయం కార్డు ఇవ్వలేదా అన్నాను. పట్టీ మీద ఆ కార్డే లేదు, ఎక్కడో పారేసుకుంది, మూణ్ణాళ్ల ముచ్చటే అయింది పాపం అంది.

నేర్చుకున్నది అప్పుడే మర్చిపోయిందా?

మార్చి 15, శనివారం

ఏప్రన్ ఉతకబోతే జేబులో రెండు చేతుల కార్డు.

అడిగింది. నా చేతులు ఖాళీ లేక, జేబులో పెట్టి అడిగింది.