మానిన పుండు

కొమరోలు,
1938 ఫిబ్రవరి 6

ప్రియమైన ముస్తాకుకు,

నంద్యాలలో మీ మామ బట్టల దుకాణంలో కుదురుకున్నావని మీ అమ్మ హలీమాబీ చెప్పింది. సంతోషం. ఇక్కడ కందులు కొట్టడం అయిపోయింది. నాయన నాకు పెళ్లి కుదిర్చాడు. వెలిగండ్ల దగ్గర పల్లె. పిల్ల పేరు పద్మమ్మ. తల్లి పోయాక తమ్ముళ్లను సాకుతూ ఉండిపోయిందట, ఇప్పుడు ఇరవై ఏళ్లు. నాకంటే ఒక్క ఏడు చిన్న.

ఇంట్లో అందరూ సంబరంగా ఉన్నారు. నాకేమీ అనిపించడం లేదు. తింటున్నాను, చేనికి పోతున్నాను, అంతే.

నీకొక సంగతి చెప్పాలి. దసరా తర్వాత అంకన్న జట్టుతో కంభం సంతకు పోయాను. వాళ్ల మాటలు నీకు తెలిసినవే. "మీసాలొచ్చినాయి గానీ మగతనం రాలేదురా నీకు" అని ఏడాదిగా ఒకటే ఎగతాళి. సంత అయ్యాక అందరూ ఒక ఇంటికి పోయారు. నేనూ పోయాను. నాకు పోవాలని లేదు. వద్దనడానికి నోరు రాలేదు.

తర్వాత ఒక పుండు లేచింది. నొప్పి లేదు. అంకన్నతో చెబితే నవ్వాడు. "ఉడుకు చేసినాది లేరా. మా అందరికీ వచ్చి పోయింది. మజ్జిగ తాగు" అన్నాడు. అన్నట్టే మానిపోయింది. ఇక భయం లేదు కదా? నువ్వు కూడా లేదంటే కుదుటపడతాను.

నీ
రామసుబ్బయ్య


నంద్యాల,
ఫిబ్రవరి 14

ప్రియమైన సుబ్బయ్యా,

భయం లేదని రాయలేను.

మా చిన్నమ్మ ఖాతూన్బీని నువ్వు చూశావు. గిద్దలూరు నుంచి వచ్చి మా ఇంట్లో ఉండేది, ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఆమెకు పుట్టిన బిడ్డలు పుట్టినట్టే పోయారు. దిష్టి అన్నారు. దర్గాలన్నీ తిప్పారు. చిన్నాయనకు పెళ్లికి ముందు నీలాగే పుండు లేచి మానిందట. దాన్ని సవాయి అంటారు. పైన మానిపోతుంది గానీ నెత్తురులో ఉండిపోతుంది. భార్యకు అంటుతుంది, కడుపులోని బిడ్డకు అంటుతుంది. ఇక్కడి డాక్టరు చెప్పేదాకా మా ఆడవాళ్లకు ఈ సంగతే తెలియదు. తెలిసిన మగవాళ్లు నోరు విప్పలేదు.

నీదీ అదేనని నేను అనడం లేదు. నెత్తురు పరీక్ష చేస్తే తెలుస్తుంది. అదే అయితే చాలా నెలలు సూదులు వేస్తారు, బాగవుతుంది. అంతవరకు పెళ్లి మాత్రం వద్దు.

ఆ ఇంటి ఆమెను తిట్టుకోకు. ఆమెకూ ఎవరో ఒక మగవాడు తెచ్చి అంటించిందే. ఆమెకు వైద్యం చేయించేవాళ్లు కూడా ఉండరు.

ఇక్కడికి రా. డాక్టరు గదిలోకి నీతో పాటు నేనూ వస్తాను.

ఎప్పటికీ నీ
ముస్తాక్ అహ్మద్


కొమరోలు,
ఫిబ్రవరి 27

ప్రియమైన ముస్తాకుకు,

నువ్వు రాసింది అంకన్నకు చెప్పాను. జట్టంతా నవ్వింది. "దుకాణంలో గుడ్డలు కొలిచేటోడు డాక్టరెప్పుడైనాడురా?" అన్నారు. వాళ్లందరూ బాగానే ఉన్నారు కదా. నేనొక్కడినే డాక్టరు దగ్గరికి ఎందుకు పోవాలి?

పెళ్లి పత్రికలు అచ్చయ్యాయి. నాయన ముఖం చూసి నేను ఈ మాట అనలేను. ఇక ఈ సంగతి రాయవద్దు.

రామసుబ్బయ్య


నంద్యాల,
మార్చి 10

ప్రియమైన సుబ్బయ్యా,

శుభలేఖ అందింది. నేను రాను.

నీ మీద కోపం కాదు. నీ పక్కన ఆ పిల్ల తల వంచుకుని కూర్చుని ఉంటే అక్షింతలు వేయడానికి నాకు చేయి రాదు. ముహూర్తం లోపల ఎవరికైనా ఒక్కరికి చెప్పు. ఎవరు నిన్ను వదిలేసినా నేను వదలను. చెప్పకుండా తాళి కడితే మాత్రం నా దగ్గర నుంచి ఇదే చివరి ఉత్తరం.

ముస్తాక్


కొమరోలు,
ఆగస్టు 21

ప్రియమైన ముస్తాకుకు,

నాకు పెళ్లయిపోయిందనుకుని నువ్వు రాయడం మానేశావు. పెళ్లి జరగలేదు.

ముహూర్తానికి ముందు పద్మమ్మ అన్న కొండయ్య పెళ్లి బట్టలు తెచ్చాడు. భోజనం చేస్తూ, "మా చెల్లెలికి పిల్లోళ్లంటే పానం. మీ ఇల్లు నిండిపోతాది చూడు బావా" అన్నాడు. ఆయన్ను చేను దాకా తీసుకుపోయి అంతా చెప్పాను. చెంప మీద కొట్టాడు. "చెప్పినావు కాబట్టి ఒక్క దెబ్బతో పోతాండా. చెప్పకుండా కట్టింటే నరికేటోణ్ణి" అని, తెచ్చిన మూట తీసుకుని వెళ్లిపోయాడు. పద్మమ్మకు వేరే సంబంధం చేశారు.

నాయన ఊళ్లో ఎవరికీ కారణం చెప్పలేదు. నాతో కూడా ఏమీ మాట్లాడడు. కంచం పెట్టి అమ్మ అవతలికి పోతుంది. నీ ముఖం చూడలేక, నంద్యాలలో దిగకుండా కర్నూలుకు పోయాను. పరీక్షలో అదేనని తేలింది. వారం వారం సూది వేస్తున్నారు. బాగవుతుందన్నారు. విని తలూపాను. సంతోషమూ కలగలేదు, దుఃఖమూ కలగలేదు.

పోయిన వారం బస్సు కోసం నిలబడి ఉంటే అంకన్న వచ్చాడు. జట్టులో ఎవరూ నాతో మాట్లాడటం లేదు. ఊరికే పక్కన నిలబడ్డాడు. నా వైపు చూడకుండా, "మా శేషమ్మకు మల్లా కడుపు నిలబడలేదురా" అన్నాడు. మళ్లీ తనే అడిగాడు.

"ఆ డాక్టరు తిడతాడా?"

"తిట్టడు. ఆమెను గూడా తోలుకొని రమ్మంటాడు."

"ఆమెకేమని చెప్పేది?"

"జరిగింది చెప్పు. నేను కొండయ్యకు చెప్పలా?"

ఇంటికి వెళ్లిపోయాడు. ఇక రాడనుకున్నాను. బస్సు కదిలే ముందు భార్యాభర్తలిద్దరూ వచ్చారు. శేషమ్మ కళ్లు ఉబ్బి ఉన్నాయి. అంకన్న వైపు చూడలేదు. ఊరు దాటాక నా వైపు తిరిగి, "అన్నా, ఆ సూది శానా నొప్పి పెడతాదా?" అని అడిగింది.

"పెడతాదమ్మా. ఓర్చుకోవచ్చు" అన్నాను.

అప్పుడు నాకు ఏడుపు వచ్చింది. పెళ్లి ఆగినప్పుడు రాలేదు. నాయన మాట మానేసినప్పుడూ రాలేదు. బస్సులో అందరూ చూస్తుంటే అంకన్న తన పైపంచె తీసి నా చేతిలో పెట్టాడు.

వచ్చే వారం ముగ్గురం ఆ దారినే పోతాం. ఈసారి నంద్యాలలో దిగుతాను.

నీ
సుబ్బయ్య