గంధం పూసిన కొత్త మిషను

సెప్టెంబరు 18, 2006. ఉదయం 5:00
లేచాను! స్నానం కూడా అయింది! మా వర్క్‌షాపుకి కంప్యూటరుతో నడిచే లేతు మిషను వచ్చింది. యజమాని గోవిందసామి ఒకటే మాట అన్నాడు: "ఆయుధపూజ లోపల ప్రోగ్రాం నేర్చుకో తిమ్మరాయా. లేదంటే మిషను కవిప్రియకు, నువ్వు స్టోర్స్‌కు." ఇరవై రెండేళ్లుగా ఇంజినీరుని నేను. ఆ పిల్ల మొన్న డిప్లొమా ముగించి కడత్తూరు నుంచి వచ్చింది.
మిషనుతో వచ్చిన ప్రోగ్రాం పుస్తకం, రోజుకి పదిహేను పేజీలు. ఇంకా పదమూడు రోజులు. బోలెడు!

19. ఉదయం 5:10
మూడు పేజీలు. ప్రోగ్రాంలో జీ సున్నా సున్నా అని రాస్తే ఇనుము కోసే టూలు వేగంగా కదలాలట. అర్థమైంది! మా ఆవిడ సౌభాగ్యానికి కూడా చెప్పాను. "కాఫీ ఆరిపోతుండాది" అంది.

22. ఉదయం 6:40
ఒక పేజీ. మొన్న చదివిందే.

25
పాపారపట్టిలో చెవులు కుట్టే ఫంక్షన్. పుస్తకం సంచీలో వేసుకుని వెళ్లాను. తాంబూలం కింద నలిగి తిరిగి వచ్చింది.

28
చదవలేదు. కారణాలు:
1. కరెంటు లేదు.
2. కరెంటు వచ్చింది, నిద్రా వచ్చింది.
3. శబ్దం విని టూలు అరిగిందో లేదో చెప్పే నాకు ఈ అంకెలెందుకు?
మూడూ అబద్ధాలే. భయం. కవిప్రియ అరగంటలో చెప్పేస్తుంది. అడగడానికే నోరు రాదు.

అక్టోబరు 1. ఆయుధపూజ
ప్రోగ్రాం రాకపోతేనేం, పూజ వచ్చు! మిషన్లన్నిటికీ నేనే గంధం, కుంకుమ పెట్టాను. కొత్తదానికి రెండింతలు. తలుపు పక్కన మెరిసే చిన్న గాజుబిళ్లకి కూడా.
11:30. హారతి అయింది. మీట నొక్కాను. తలుపు తెరిచి ఉందని స్క్రీను మీద ఎర్ర అక్షరాలు. మూసే ఉంది! తీసి మూశాను, పదకొండు సార్లు. దండం పెట్టాను.
కవిప్రియ వచ్చి చూసింది. "సార్, తలుపు మూసినామా లేదా అని చూసే మిషను కంటికి ఎవురో గంధం పూసినారు." చున్నీతో తుడిచింది. మిషను తిరిగింది. అందరూ నవ్వారు. నేను స్టోర్స్ వైపు చూశాను.
ఇంతలో కోత శబ్దం మారింది. "ఆపు! టూలు పోయింది" అని అరిచాను. ఆపి చూస్తే అంచు విరిగి ఉంది.
"నాకు తెలీలేదు సార్. ఎట్ల కనుక్కున్నారు? నాకూ చెప్పియ్యండి" అంది. అందరి ముందూ, అంత సులువుగా! పదమూడు రోజులుగా నా నోట రాని మాట. సిగ్గేసింది.
ఇదంతా చూసిన గోవిందసామి, ప్రోగ్రాం నేర్చుకోడానికి దీపావళి దాకా గడువిచ్చాడు.

అక్టోబరు 2. విజయదశమి
"నాకు రాదమ్మా, నేర్పు" అన్నాను. కవిప్రియ నవ్వలేదు. పళ్లెంలో బియ్యం పోసి నా ముందు పెట్టింది.
"ఈపొద్దు అక్షరాభ్యాసం కదా సార్. రాయండి."
నలభై ఆరేళ్ల వేలితో జీ సున్నా సున్నా రాశాను.
రేపటి నుంచి ఉదయం 5:00. సరే, 5:30. దీపావళికి ఇంకా పందొమ్మిది రోజులు. బోలెడు!