పెట్టె మీద చెయ్యి

బావమరిదీ,

మీ అక్క రాయమంటే రాస్తున్నాను. మన గొడవ గొడవే, దాన్ని అలాగే ఉండనీ.

నీ మేనల్లుడి పడవ ఇంజను తుఫానులో ఆగిపోయింది. ఎటు కొట్టుకుపోతున్నాడో వైర్‌లెస్‌లో చెబుతున్నాడు. రేవులో సెట్టు పాడైంది. మేం విని చెబితేనే వెతికే పడవకు దారి తెలిసేది.

మన సెట్టేమో వేడెక్కేకొద్దీ వాడి గొంతు జారిపోతోంది. లోపల ఆసిలేటరు ఒకే ఊపులో ఉంటేనే గొంతు నిలుస్తుందనీ, మీట తిప్పితే ఆ ఊపు మారుతుందనీ నువ్వే కదా ఊదరగొట్టేవాడివి! ఆ మీటను లోపలి భాగానికి కలిపే దారం తెగింది. ఊరికే తిరుగుతోంది.

పెట్టె పక్కన చెయ్యి ఆనిస్తే మాత్రం ఆ ఊపు సర్దుకుంటోందేమో, గొంతు వస్తోంది, తీస్తే పోతోంది. పొద్దున్నుంచి మీ అక్క చెయ్యి తీయలేదు. రెండు మెతుకులు తినవే అంటే, "నేను లేస్తే వాడికి దిక్కెవరయ్యా?" అంది. ఇందాక కళ్లు తిరిగి ఒరిగిపోయింది. పడుకోబెట్టాను.

ఈ చీటీ తెచ్చినాయన బండి మీదే వచ్చెయ్. పనిముట్ల సంచి మరిచిపోకు. నన్ను తిట్టాలంటే పని అయ్యాక తిట్టు.

అక్షరాలు కోడి గెలికినట్టున్నాయని నవ్వకు. ఎడం చేత్తో రాస్తున్నాను. కుడిచెయ్యి పెట్టె మీద ఉంది.

నీ బావ