చివరాఖరి పడవ

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. కొల్లేటికోట మిషను బడిలో నీ తరగతి పిల్లలకు ఇప్పుడు నేనే పాఠం చెబుతున్నాను.

పొద్దువాలాక పడవ వెంకన్న రేవులో ఏమని కేకేసేవాడో గుర్తుందా? "చివరాఖరి పడవండీ!" నీకు ఒళ్ళు మండేది. "చివరన్నా ఆఖరన్నా ఒకటేనయ్యా! రెండూ ఎందుకు?" అని రోజూ తగువే.

"చివరిది ఊరోళ్ళకండీ, ఆఖరిది మీకండీ. బడి నుంచి మీరెప్పుడూ ఆలస్యమే కదండీ!" అనేవాడు. అన్నట్టే, అందరినీ దింపేసి నీకోసం ఖాళీ పడవతో మళ్ళీ వచ్చేవాడు.

ఇవాళ "చివరి పడవండీ!" అని ఊరుకున్నాడు.

"ఆఖరు మానేశావేం వెంకన్నా?" అన్నాను.

"ఇంకెవరికండీ?" అన్నాడు గెడ వేస్తూ.

తప్పు దిద్దుకున్నాడక్కా. నువ్వుంటే ఎంత సంతోషించేదానివో.

నీ చెల్లి