రోజుకు ఒక్క సెట్టింగే

1వ తేదీ, సోమవారం. ఉదయం 6:10

కొత్త డైరీ. కొత్త పెన్ను. కొత్త నేను!

మా ఆవిడ టైలరింగ్ షాపు పన్నెండో తేదీన తెరుస్తోంది. తొమ్మిదేళ్ళు ఇంటి వెనక గదిలో కుట్టింది. ఇన్నాళ్ళకి రోడ్డు వైపు తలుపున్న గది దొరికింది. బోర్డు మీద మంచి గౌను బొమ్మ కావాలి. పెయింటరు వేస్తానన్నాడు. మాటలు చెబితే బొమ్మ గీసిచ్చే ఏఐ ఉండగా పెయింటరెందుకు, నేను చేసిస్తానన్నాను.

మా ఆవిడ నా ముఖంలోకి చూసి, "మీ మాట మీద అతన్ని వద్దంటున్నాను. సరేనా?" అంది.

సరే అన్నాను. ఆ చూపుకి కారణం ఉంది. ఈత నేర్చుకుంటానని నేను కొన్న కళ్ళద్దాలు ఇప్పుడు ఉల్లిపాయలు తరిగేటప్పుడు పనికొస్తున్నాయి.

ఈసారి అలా కాదు. నియమాలు:

ఒకటి. రోజుకు ఒక్క సెట్టింగే మార్చాలి. (సైన్సు మాస్టార్ని. ల్యాబులో పిల్లలకి ఇరవై ఏళ్ళుగా చెబుతున్నదే ఇది. రెండు ఒకేసారి మారిస్తే దేనివల్ల ఏమైందో ఆ దేవుడికి కూడా తెలియదు.)

రెండు. రోజుకు పది బొమ్మలే.

మూడు. ప్రతి బొమ్మకీ సీడ్ నంబరు అని ఒకటి ఉంటుంది. అది రాసుకోవాలి. అది ఉంటేనే అదే బొమ్మ మళ్ళీ వస్తుంది.

7:00. మొదటి బొమ్మ. నీలం గౌను. అద్భుతం! తీసుకెళ్ళి చూపించాను.

"చంక దగ్గర కుట్టు ఏదండీ? చెయ్యి ఎలా దూరుతుంది?"

2వ తేదీ, మంగళవారం. సాయంత్రం 5:15

స్టెప్స్ ఇరవై నుంచి నలభైకి పెంచాను. అంటే బొమ్మని ఇంకాస్త సేపు చెక్కుతుందన్నమాట. కాలర్ భలే వచ్చింది.

"గుండీలు ఆరున్నాయి. కాజా ఒక్కటీ లేదు" అంది మా ఆవిడ. నేనైతే గుండీలు చూసే సంతోషించాను.

పది బొమ్మలు. పది నంబర్లు. నియమం చెక్కుచెదరలేదు.

3వ తేదీ, బుధవారం. 5:30

'ఏం వద్దు' అని రాసే పెట్టె ఒకటుంది. అందులో 'వంకర కుట్లు వద్దు' అని రాశాను. వంకర పోయింది. కుట్లు కూడా పోయాయి.

"ఇది కుట్టిన గౌను కాదండీ, పోత పోసింది."

4వ తేదీ, గురువారం. 5:20

గైడెన్స్ అని ఒక స్లైడర్ ఉంది. మన మాట ఎంత గట్టిగా వినాలో చెప్పేది. మా స్కూల్లో కూడా ఒకటి పెడితే బాగుండును. ఏడు నుంచి ఎనిమిదికి జరిపాను. తేడా లేదు.

5:45. ఇరవైకి జరిపాను. అదే సెట్టింగు కదా, నియమం తప్పినట్టు కాదు. గౌను ఇస్త్రీపెట్టె కింద మర్చిపోయినట్టు మాడిపోయింది. మా ఆవిడకి చూపించలేదు.

6వ తేదీ, శనివారం. మధ్యాహ్నం 3:00

నిన్న స్కూల్లో మీటింగు, డైరీ రాయలేదు. కాబట్టి నిన్నటి సెట్టింగు, ఈరోజుది, రేపటి అడ్వాన్సు కలిపి మూడు మార్చాను. మూడూ ఒకే మెనూలో ఉన్నాయి, ఒకటి కిందే లెక్క.

బొమ్మలు: అరవై నాలుగు. పది అన్నది నియమం కాదు, సూచన.

నంబర్లు: రేపు రాస్తాను.

7వ తేదీ, ఆదివారం. సాయంత్రం 5:40

వచ్చింది!

మా ఆవిడ చేతిలో కత్తెర కింద పెట్టి వచ్చింది. కంప్యూటర్ దగ్గరికి వంగి తెర మీద వేలు పెట్టి చంక కుట్టు చూసింది. కాజాలు లెక్కపెట్టింది. నడుం దగ్గర కుచ్చులు లెక్కపెట్టింది.

"ఇది నేను కుట్టగలను. ఇదే ఉంచండి" అంది. అని, కాసేపు అక్కడే నిలబడింది. షాపు గది దొరికిన రోజున కూడా ఆమె ముఖం అలా వెలగలేదు. నాకెంత సంతోషమేసిందో ఎలా రాయాలో తెలియడం లేదు.

6:05. రంగు ఇంకొంచెం ముదురైతే బోర్డు మీద బాగుంటుందనిపించింది. ఒక్క స్లైడర్ జరిపాను. ఇంకొకటి కూడా.

6:20. ఆ బొమ్మ లేదు. కొత్తది వచ్చి దాన్ని తుడిచేసింది. సేవ్ చేయలేదు. నంబరు రాయాల్సిన చోట డైరీ తెల్లగా ఉంది.

8వ తేదీ, సోమవారం. 5:30

"బొమ్మ ప్రింటుకి ఇచ్చేశారా?"

"బోర్డు సైజుకి పెద్దది చేయాలి. టైము పడుతుంది." నోటికొచ్చింది చెప్పేశాను.

ల్యాబులో ఈరోజు ఒకమ్మాయి రెండు రసాయనాలు ఒకేసారి పోసేసింది. తిట్టబోయి ఆగిపోయాను. క్లాసు క్లాసంతా నావైపు ఆశ్చర్యంగా చూసింది.

9వ తేదీ, మంగళవారం. సాయంత్రం 6:00

ఇప్పటికి మొత్తం నాలుగు వందల పన్నెండు బొమ్మలు. సెట్టింగులు ఏవి ఎక్కడున్నాయో నాకు తెలియదు. ఒక గౌనుకి మూడు చేతులు.

నిజం చెప్పేద్దామని రెండుసార్లు ఆమె దగ్గరికి వెళ్ళాను. రెండుసార్లూ మంచినీళ్ళు తాగి వచ్చాను. తేలు కుట్టిన దొంగలా ఉంది నా పని.

10వ తేదీ, బుధవారం. 4:45

ప్రింటింగ్ షాపువాడు ఐదు లోపల ఫైలు ఇవ్వమన్నాడు. ఆ తర్వాత సేవ్ చేసినవాటిలో ఆదివారం బొమ్మకి దగ్గరగా ఉన్నదొకటి ఏరి పంపించాను.

మా ఆవిడ మిషన్‌కి బెల్టు బిగిస్తోంది. ఫోన్‌లో దూరం నుంచే చూసి, "అదే కదా?" అంది.

"అదే."

12వ తేదీ, శుక్రవారం. సాయంత్రం 7:00

మా ఆవిడ లోపల సర్దుకుంటుండగా బోర్డు బిగించి వెళ్ళారు. ఫోన్‌లో అరచేయంత ఉన్నప్పుడు కనిపించనివన్నీ బోర్డు మీద మనిషంత ఎత్తున కనిపిస్తున్నాయి. బెల్టు ఎడమవైపు గౌనులోకి దూరి మళ్ళీ బయటికి రాలేదు. కుడిచెయ్యి జేబులోంచి మొలిచింది.

షాపు తెరిచిన పావుగంటకే ఎదురు క్లినిక్ పళ్ళ డాక్టరమ్మ గుడ్డ తెచ్చుకుని వచ్చింది. మొట్టమొదటి బేరం. "బోర్డు మీదున్నదే కుట్టి పెట్టండి. అచ్చం అలాగే."

మా ఆవిడ బయటికొచ్చి తలెత్తి చూసింది. చాలాసేపు చూసింది. నేను చెప్పుల వంక చూసుకున్నాను.

"ఇది మా మాస్టారి డిజైనండీ. ఇది వేసుకోవాలంటే చెయ్యి విప్పి పక్కన పెట్టాలి. లోపలికి రండి, మీకు నప్పేది నేను గీసి చూపిస్తాను."

డాక్టరమ్మ పకపకా నవ్వింది. లోపలికెళ్ళింది. కొలతలిచ్చి గుడ్డ వదిలి వెళ్ళింది. బేరం నిలబడింది. నేను నిలబెట్టింది కాదు.

షాపు మూశాక అడిగింది. "ఆదివారం నాకు చూపించింది ఇది కాదు."

"కాదు." మొత్తం చెప్పేశాను. స్లైడర్లు, రాయని నంబరు, బుధవారం అబద్ధం, అన్నీ.

అరుస్తుందనుకున్నాను. అరవలేదు. "పోయిందని ఆ రోజే చెబితే కాగితం మీద గీసిచ్చేదాన్ని కదా. కుచ్చులతో సహా లెక్కపెట్టాను నేను దాన్ని. బొమ్మ పోతే పోయింది. 'అదే' అన్నారు చూడండి, అది బాధేసింది."

నాకు తల కొట్టేసినట్టయింది. తొమ్మిదేళ్ళు ఎదురుచూసిన షాపు మీద ఎవరూ వేసుకోలేని గౌను ఎక్కించాను.

13వ తేదీ, శనివారం. ఉదయం 6:10

నేను లేచేసరికే కంప్యూటర్ పక్కన స్టూలు వేసి ఉంది. స్టూలు మీద మా ఆవిడ, చేతిలో ఆదివారం గౌను. పెన్సిల్‌తో గీసింది. కాజాలతో సహా.

"నేను చెబుతాను, మీరు కొట్టండి. ముందు చంక కుట్టు."

ఆమె చెప్పింది. నేను టైప్ చేశాను. ఇన్నాళ్ళూ నేను 'అందమైన గౌను' అని రాశాను. ఆమె గౌను ఎలా కుడతారో చెప్పింది. ఒక్క స్లైడర్ కూడా జరపకుండానే నాలుగో బొమ్మలో చంక కుట్టు సరిగ్గా పడింది. నంబరు రాశాను. పదో బొమ్మకి కాజాలు కుదిరాయి. నంబరు రాశాను. బెల్టు ఇంకా తేలలేదు.

ఆమె షాపుకి బయల్దేరుతుంటే డైరీ ముందు పెట్టాను. ఈరోజు నుంచి మళ్ళీ మొదలు: రోజుకు ఒక్క సెట్టింగే. పది బొమ్మలే. నంబరు రాయాలి.

ఆమె పెన్ను తీసుకుని కింద నాలుగోది రాసింది: 'ఏం పోయినా ఆ రోజే చెప్పాలి.' నాచేత సంతకం పెట్టించుకుని వెళ్ళింది.

8:50. పదకొండో బొమ్మ వేశాను. చెప్పులేసుకుని షాపుకి వెళ్తున్నాను, చెప్పడానికి.